నాలుగు కాళ్ళూ నేల మీదే

మా కుక్క పేరు బొగ్గు. నేను పెట్టిన పేరు అది కాదు. సీఎస్‌ఈ చదువుతున్నాను కదా అని 'బగ్' అని పెట్టాను, అదేదో చాలా తెలివైన పేరు అనుకుని. మా మామ్మ ఒకసారి పలికి చూసి, "బగ్గేంటే, బొగ్గులా ఉంటేనూ" అంది. రెండు రోజుల్లో ఇంట్లో అందరూ బొగ్గనే పిలవడం మొదలెట్టారు. వాడు కూడా ఆ పేరుకే తోక ఊపాడు. అలా నా మొదటి ఐడియా అక్కడే ఫెయిలైంది.

నల్ల లాబ్రడార్. రావులపాలెంలో నాన్న ఫ్రెండ్ వాళ్ళింట్లో ఎనిమిది పిల్లలు పుడితే అందులో ఒకటి మాకిచ్చారు. పోయిన జూన్‌లో అట్టపెట్టెలో మా ఇంటికొచ్చినప్పుడు వాడికి యాభై రోజులు, బరువు నాలుగు కిలోలు. నవంబర్‌కి పాతిక కిలోలయ్యాడు. ఎండుకొబ్బరి తూచే కాటా మీద నిలబెట్టి నాన్నే తూచారు.

ఆ పాతిక కిలోలూ కార్తీకమాసంలో ఒకరోజు తెల్లారగట్ల మా మామ్మ మీద పడ్డాయి.

నేనప్పుడు కాకినాడలో హాస్టల్లో ఉన్నాను. ల్యాబ్ ఎగ్జామ్‌కి రెడీ అవుతుంటే అమ్మ ఫోన్. మామ్మకి 74 ఏళ్ళు, ఎత్తు అయిదడుగులు కూడా ఉండదు. తులసికోట దగ్గర దీపం పెట్టి వెనక్కి తిరిగిందట. సరిగ్గా అప్పుడే తమ్ముడు బొగ్గుగాడిని బయటికి తీసుకెళ్దామని గొలుసు విప్పాడు. వాడు ఆవిణ్ణి పదేళ్ళ తర్వాత చూసినట్టు పరిగెత్తుకెళ్ళి, ముందుకాళ్ళు రెండూ భుజాల మీద వేశాడు. మామ్మ వెనక్కి పడుతూ కుడిచెయ్యి కింద ఆనించింది. సిమెంటు గచ్చు. మణికట్టు విరిగింది.

అమలాపురం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించి కట్టు వేయించారు. ఆరు వారాలు ఉంచాలన్నారు. భుజం మీద గోళ్ళు గీరుకుని కాస్త రక్తం కూడా వచ్చింది. దానికి ముందు సబ్బుతో పావుగంట కడగాలని అక్కడ చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇది మాత్రం మీరు గుర్తు పెట్టుకోండి. కుక్క పళ్ళే తగలక్కర్లేదు, గోరు గీరి రక్తం వచ్చినా కుళాయి కింద పదిహేను నిమిషాలు సబ్బుతో కడగాలి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఇంట్లో కుక్కే కదా అని వదిలెయ్యకూడదు. వాడికి టీకాలన్నీ వేయించే ఉన్నాయి, అయినా మామ్మకి ఇంజెక్షన్లు వేశారు.

శనివారం ఇంటికెళ్ళాను. కాకినాడలో బస్సెక్కితే యానాం దాటి, ఎదుర్లంక వంతెన మీద గోదారి దాటి, ముమ్మిడివరం మీదుగా అమలాపురం. అక్కణ్ణుంచి ఆటోలో అంబాజీపేట వైపు మా ఊరు. మామూలుగా అయితే వంతెన మీదకి రాగానే నాకు హుషారు వస్తుంది. ఆరోజు రాలేదు.

బొగ్గుని దొడ్లో పనసచెట్టుకి కట్టేశారు. ఇనప గొలుసు. నన్ను చూసి గొలుసు లాగినంత మేరా లేచి రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. గొంతు బిగుసుకుని దగ్గాడు. మళ్ళీ లేచాడు. నాన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నారు.

"వాణ్ణి రాజోలు వైపు పంపేస్తున్నాం. అక్కడొకాయన రొయ్యల చెరువు కాపలాకి పెద్ద జాతి కుక్క కావాలంటున్నాడు" అన్నారు.

"ఎప్పుడు?"

"సంక్రాంతిలోపు. పండక్కి పాతికమంది వస్తారు. పిల్లలుంటారు, పెద్దవాళ్ళుంటారు. ఇంకో చెయ్యి విరిగితే ఎవరు చూసుకుంటారు?"

చెరువు కాపలా కుక్కల్ని మీలో కోనసీమ వాళ్ళు చూసే ఉంటారు. చూడనివాళ్ళకి చెప్తాను. చెరువు గట్టు మీద ఒక చిన్న పాక, పక్కన పాతిన రాట, రాటకి గొలుసు. పగలంతా ఎండ, రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు. బాగా చూసుకునేవాళ్ళూ ఉంటారు, కాదనను. కానీ లాబ్రడార్ అసలు కాపలాకి పనికొచ్చే జాతి కాదు. దొంగ వస్తే వాడి భుజాల మీద కూడా కాళ్ళేసి మొహం నాకుతాడు బొగ్గుగాడు.

నాన్నతో నేనేమీ వాదించలేదు. ఎందుకు వాదించలేదో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను.

వాడికి ఆ అలవాటు నేర్పింది నేనే.

ఆగస్టులో వాడికి మూడున్నర నెలలు. రీల్ కోసం నేర్పాను. నేను చేతులు చాచి "హగ్" అంటే వాడు లేచి నా నడుం మీద కాళ్ళేస్తాడు, నేను వాడి మెడ పట్టుకుని డాన్స్ చేస్తాను. తొమ్మిది సెకన్ల వీడియో. దానికోసం ఒక ఆదివారమంతా బిస్కెట్లు పెట్టి ప్రాక్టీస్ చేయించాను. మా క్లాసులో చాలామంది లైక్ కొట్టారు, ఇది చదువుతున్నవాళ్ళలో కూడా కొందరు ఉండొచ్చు. అప్పుడు వాడి కాళ్ళు నా నడుం దాకా వచ్చేవి. నవంబర్‌కి నా భుజం దాకా వచ్చాయి. మామ్మకైతే తల దాకా.

ఆ రాత్రి మామ్మ పక్కన పడుకున్నాను. కట్టు వేసిన చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుంది. దొడ్లోంచి బొగ్గుగాడు కుయ్యోమని ఒకటే ఏడుపు. చెపుదామని రెండుసార్లు నోరు తెరిచాను. నా నోరు పెగల్లేదు. ఆవిడే అంది, "వాడి ఏడుపుకి నిద్ర పట్టట్లేదే. మంచు పడుతోంది, గోనె పట్టా అయినా వేశారా లేదా?"

పొద్దున్నే లేచాక ఇంకో సంగతి గమనించాను. మామ్మ తులసికోట దగ్గరికి వెళ్ళలేదు. వీధి గుమ్మంలోనే నిలబడి దణ్ణం పెట్టుకుంది. దొడ్లోకి వెళ్ళాల్సొస్తే అమ్మని పిలిచింది. వాడు గొలుసుతో ఉన్నాడని తెలిసినా గుమ్మం దిగలేదు. యాభై ఏళ్ళకి పైగా ఆ దొడ్లో తిరిగిన మనిషి. పెరట్లో ఏ కరివేపాకు రెమ్మ ఎవరు విరిచారో చెప్పగలదు. వాణ్ణి పంపించేస్తే ఇంట్లో గొడవ తీరుతుందేమో కానీ ఈ భయం తీరుతుందని నాకనిపించలేదు.

సంక్రాంతికి ఎనిమిది వారాలున్నాయి. నేను ఇంట్లో ఉండేది శని, ఆదివారాలే. నాన్నని గడువు అడిగాను. "పండగ దాకా చూస్తాను" అన్నారు, అంతే.

మా ఇంట్లో వాడు మీదెక్కకుండా ఉండటానికి అప్పటికే అందరూ తలో ప్రయత్నం చేశారు. అమ్మ "దిగరా దిగరా" అని రెండు చేతులతో తోసేది. నాన్న తువ్వాలు విసిరేవారు. తమ్ముడు ముందుకాళ్ళు పట్టుకుని వాడితో బాల్ డాన్స్ చేసేవాడు, అది మాన్పించడం అని వాడి ఉద్దేశం. ఎదురింటి బాబాయ్‌గారు మోకాలితో ఛాతీ మీద ఒక్కటివ్వమన్నారు. కొబ్బరి దింపుకొచ్చే ఆయన వెనక కాళ్ళు తొక్కమన్నాడు. ఈ రెండూ మేం చెయ్యలేదు, మీరు కూడా చెయ్యకండి. దెబ్బ తగిలిన కుక్క మీదెక్కడం మానదు, మనుషులు దగ్గరికొస్తే జడవడం నేర్చుకుంటుంది. జడిసిన కుక్క కరుస్తుంది.

ఆ శని, ఆదివారాలు నేను చేసింది ఒక్కటే, ఒక పాత నోట్‌బుక్కులో లెక్క రాశాను. ఎవరు దగ్గరికి వెళ్ళారు, వాడు లేచాడా, లేస్తే వాళ్ళేం చేశారు. రెండు రోజుల్లో 31 సార్లు లేచాడు. అందులో 28 సార్లు వాడికి ఏదో ఒకటి దొరికింది. తిండి అక్కర్లేదండి. చూపు, మాట, చెయ్యి, ఏదైనా. అమ్మ తోయడం వాడికి ఆట, ఇంకో కుక్కపిల్లతో కుస్తీ పట్టినట్టే. మన అరుపు వాడికి మనం కూడా వాడితో కలిసి మొరిగినట్టు. నాన్న తువ్వాలు పట్టుకుని లాగడమైతే పండగే. పొద్దున్నించీ చెట్టుకి కట్టేసిన ప్రాణికి తిట్టినా ఎవరో ఒకరు వచ్చారన్నదే గొప్ప.

ఆ పేజీ చూస్తే నాకు మా రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ క్లాస్ గుర్తొచ్చింది. దాని మీద సట్టన్, బార్టో రాసిన పుస్తకం 1998లో వచ్చింది, వాళ్ళిద్దరికీ 2024 ట్యూరింగ్ అవార్డ్ ఇచ్చారు. ఆ పుస్తకంలో మొదటి నుంచీ ఉండేది ఒకటే గోల. ఏజెంట్‌కి నీ మనసులో ఏముందో తెలీదు, రివార్డ్ ఎక్కడ పడుతుందో అదే తెలుసు. నువ్వు కోడ్‌లో రివార్డ్ ఒకచోట పెట్టి, మనసులో ఇంకోటి అనుకుంటే, అది నువ్వు పెట్టినదాన్నే నేర్చుకుంటుంది. ఆ ఐడియా కంప్యూటర్లతో పుట్టింది కూడా కాదు. 1898లో థార్న్‌డైక్ అనే ఆయన పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, అవి గడియ తీసుకుని బయటికి ఎలా వస్తున్నాయో గమనించి రాశాడు. మంచి ఫలితం వచ్చిన పని మళ్ళీ మళ్ళీ చేస్తాయి, రానిది మెల్లగా మానేస్తాయి. ఇది నేను పరీక్షలో అయిదు మార్కులకి రాశాను. మా ఇంట్లో అదే ప్రోగ్రామ్ ఆర్నెల్లుగా రన్ అవుతుంటే మాత్రం కనిపించలేదు.

ఇంకో పాయింట్ కూడా ఉంది. ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు మాత్రమే రివార్డ్ దొరికే అలవాటు అన్నిటికంటే మొండిది. పావురాల మీద స్కిన్నర్ చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. మనం ఫోన్ తీసి నోటిఫికేషన్ ఉందా లేదా అని చూసుకోవడం కూడా అదే బాపతు. వారమంతా అమ్మ తోసేసినా, శనివారం నేనొచ్చి బ్యాగు కింద పడేసి "హగ్" అంటే చాలు. ఇంకో వారానికి సరిపడా ఆశ వాడికి దొరికినట్టే.

అసలు కుక్కపిల్లలు మొహం దాకా ఎందుకు ఎగురుతాయో కూడా చదివాను. తోడేళ్ళలో పెద్దవి వేటకెళ్ళొస్తే పిల్లలు వాటి మూతి నాకుతాయట, అప్పుడు పెద్దవి పొట్టలోంచి మాంసం కక్కి పెడతాయి. ఆ పలకరింపు కుక్కల్లో మిగిలిపోయింది. వాడికి కావాల్సింది మన మొహం. మా ఇంట్లో అందరికంటే కిందకి ఉన్న మొహం మామ్మది.

ఇక మొదలుపెట్టాం. పద్ధతి వినడానికి ఏమీ లేదు. పనసచెట్టు నుంచి విప్పి, అరుగు స్తంభానికి ఆరడుగుల తాడుతో కట్టాను, మెడకి బిగుసుకోకుండా ఛాతీకి వేసే బెల్టు కొన్నాను. నేను పది అడుగుల దూరం నుంచి నడిచి వస్తాను. వాడి నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటే దగ్గరికి వస్తాను. లేచాడా, మాట లేదు, చూపు లేదు, వెనక్కి తిరిగి వెళ్ళిపోతాను. మళ్ళీ మొదటి నుంచి. దగ్గరికొచ్చేదాకా కింద ఉంటే ఉడికించిన చికెన్ ముక్క, చిటికెన వేలి గోరంత. అది కూడా నోటికి అందించకూడదు, నేల మీద పెట్టాలి, అప్పుడు వాడి దృష్టి కిందే ఉంటుంది. తర్వాత కూర్చోవడం నేర్పాలి. కూర్చున్న కుక్క ఒకేసారి ఎగరలేదు కదా, ఈ పద్ధతి మొత్తానికి ఆయువుపట్టు అదే.

మొదటి రోజు నేను 40 సార్లు వెనక్కి తిరిగి వెళ్ళాను. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి అమ్మని అడిగారట, "అమ్మాయికి పరీక్షలు సరిగ్గా రాయలేదా?" అని.

ఇంకొకటి, పొద్దున్నే అయిదున్నరకి కాలవగట్టు మీద నడక. మార్గశిరం మంచులో కొబ్బరిచెట్లు మొదళ్ళు మాత్రమే కనిపించేవి, తలలు కనిపించేవి కావు. వారం మధ్యలో ఆ డ్యూటీ తమ్ముడిది. గొలుసుతో రోజంతా కట్టేస్తే వాడిలో పేరుకున్న బలమంతా ఎవరు కనపడితే వాళ్ళ మీద తీరేది. నడక మొదలెట్టాక సగం గొడవ దానంతటదే తగ్గింది. నిజం చెప్పాలంటే ఈ క్రెడిట్ తమ్ముడిదే. వాడు నిద్ర లేస్తాడని నేను అనుకోలేదు.

రెండో వారం అంతా బాగానే ఉందనుకున్నాను. మూడో శనివారం వచ్చేసరికి ముందుకంటే ఘోరం. లేచాడు, నేను తిరిగాను, నా వీపు మీదకి లేచాడు, చున్నీ పట్టుకుని లాగాడు, చిరిగింది. మొరిగాడు. మళ్ళీ లేచాడు. నాన్న అరుగు మీదే ఉన్నారు. ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది అనడం కంటే ఘోరం.

దీన్ని ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటారు. ఇన్నాళ్ళు పనిచేసిన మీట ఒక్కసారిగా పనిచెయ్యకపోతే మనమేం చేస్తాం? లిఫ్ట్ రాకపోతే బటన్ ఇంకా గట్టిగా, పదిసార్లు నొక్కుతాం. వాడు చేసింది అదే. ఆ టైములో విసుగొచ్చి ఒక్కసారి లొంగామా, "ఓహో, ఇంత గట్టిగా ఎగిరితే ఇస్తారన్నమాట" అని నేర్చుకుంటాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా, చిరిగిన చున్నీతో చెరువు పాక గుర్తొచ్చి నుయ్యి వెనకాల కూర్చుని ఏడ్చాను. తర్వాత వెళ్ళి మళ్ళీ పది అడుగుల దూరంలో నిలబడ్డాను.

నాలుగో వారానికి నా దగ్గర కూర్చోవడం మొదలెట్టాడు. నా దగ్గరే. పాలాయన వస్తే ఎగిరాడు, పిన్నిగారి పిల్లలొస్తే ఎగిరాడు. మన భాషలో చెప్పాలంటే ఓవర్‌ఫిటింగ్. ట్రైనింగ్ డేటా మొత్తం నేనే అయితే వాడు నేర్చుకున్నది "ఈ అమ్మాయి వస్తే కూర్చోవాలి" అని మాత్రమే. కొత్త మనుషులు కావాలి. పాలాయన్ని బతిమాలాను, దింపుకొచ్చే ఆయన్ని బతిమాలాను. ఆయన మోకు భుజాన వేసుకుని, చేతిలో కత్తితో ఆరుసార్లు గేటు దగ్గర్నుంచి నడిచొచ్చాడు, నవ్వుకుంటూ. "ఏంటమ్మాయిగారూ, నన్ను చూసి కూచుంటే దీనికి డిగ్రీ ఇస్తారా?" అన్నాడు. పిన్నిగారికి కుక్కంటే చచ్చేంత భయం, ఆవిడ వాడు కూర్చుంటే కూడా కేక వేసింది. ఆవిణ్ణి లిస్టులోంచి తీసేశాం.

మిగిలింది మామ్మ.

ఆవిణ్ణి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడ చెయ్యి విరగ్గొట్టిన దాని ముందుకే మళ్ళీ రమ్మని ఎలా అడుగుతాం? ఒక సాయంత్రం అరుగు మీద కుర్చీలో కూర్చుని ఆవిడే పిలిచింది. "దూరంగానే ఉంచి తీసుకురా, చూద్దాం." వాణ్ణి తాడు పొట్టిగా పట్టుకుని కింద మెట్టు దగ్గరికి తెచ్చాను. మామ్మ కాళ్ళు పైకి ముడుచుకుంది. ఎడంచేత్తో కట్టు ఉన్న చేతిని పొదివి పట్టుకుంది. ఆ చెయ్యి వణకడం నాకు కనిపిస్తోంది.

"సిట్" అన్నాను నేను. కూర్చున్నాడు. అరనిమిషం. వెనక్కి తీసుకెళ్ళిపోయాను. ఆ రోజుకి అంతే.

మర్నాడు ఆవిడే మాట్లాడాలని చెప్పాను. "సిట్ అను మామ్మా." ఆవిడ "సిట్టు" అంది. వాడు చూశాడు. మళ్ళీ "సీటు" అంది. వాడు తల పక్కకి వంచాడు. ఆవిడకి చిరాకేసింది. "ఇదేం భాషే, కుక్కకి ఇంగ్లీషెందుకు? కూచోరా నాయనా!" అని కసిరింది. వాడు కూర్చోలేదు. కానీ ఆ మాట అన్నప్పుడు మామ్మ గొంతులో భయం లేదు. నేనది విన్నాను. అంతే, ఆ వారమంతా మాట మార్చేశాం. తమ్ముడు, అమ్మ, నాన్న, అందరం "కూచో" అనే అన్నాం. బొగ్గుగాణ్ణి ఇంగ్లీష్ మీడియం నుంచి తెలుగు మీడియంకి మార్చేశాం. వాడికి నాలుగు రోజులు పట్టింది. నాకు ఈ వ్యాసం రాయడానికి అంతకంటే ఎక్కువే పట్టింది, ఒత్తులు తప్పుంటే సీనియర్లు సర్దుకోండి.

రివార్డ్ మాటకొస్తే ఒక రహస్యం బయటపడింది. మామ్మ కుర్చీ పక్కన నిలబడితే వాడు ఆవిడ కొంగు కేసే చూస్తున్నాడు, నా చేతిలో చికెన్ కేసి కాదు. "ఏంటి మామ్మా, కొంగులో ఏముంది?" అంటే ఏం లేదంది. తమ్ముడు నవ్వు ఆపుకోలేక చెప్పేశాడు. దెబ్బ తగలకముందు రోజూ సాయంత్రం వాడు కాళ్ళెత్తి ఆవిడ ఒళ్ళో పెడితే, కొంగులోంచి చక్కెరకేళి ముక్క తీసి పెట్టేదట. జూలై నుంచీ. "పసివాడు, కాళ్ళెత్తి అడిగితే ఎలా పెట్టకుండా ఉంటాను?" అంది. నా నోట్‌బుక్కులో ఎక్కని రివార్డ్ ఇది. ఆ నోట్‌బుక్కులో నా రీల్ కూడా లేదనుకోండి.

కట్టు డిసెంబర్ చివర్లో తీశారు. చెయ్యి సన్నబడిపోయింది, వేళ్ళు పూర్తిగా మూసుకునేవి కావు. ధనుర్మాసంలో మా వీధిలో ముగ్గులకి మామ్మదే పేరు. సగం నెల అమ్మ పెట్టింది, మామ్మ గుమ్మంలో నిలబడి చుక్కలు తప్పని చెప్పేది. చేతికి బలం రావాలని రబ్బరు బంతి నొక్కమన్నారు. ఆ బంతిని బొగ్గుగాడు రెండుసార్లు ఎత్తుకుపోయాడు.

భోగినాడు చుట్టాలొచ్చారు. ఈ మాట గొప్పగా రాయాలని ఉంది కానీ నిజమే రాస్తాను. పెద్దత్తయ్య వాళ్ళ కొత్త అల్లుడుగారు పట్టు పంచె, తెల్ల చొక్కాతో కారు దిగారు. మేం ఇరవై మందితో ప్రాక్టీస్ చేయించాం కానీ కొత్తల్లుడితో చేయించలేదు. ఆయన ముచ్చటపడి వంగి, "హాయ్ బేబీ!" అని చేతులు చాచారు. నేను నేర్పిన సిగ్నల్ అది, రీల్లో ఉన్నది ఉన్నట్టు. తెల్ల చొక్కా మీద మట్టి పాదాలు రెండు, పక్కపక్కన, చక్కగా అచ్చు పడ్డాయి. ఆయన మంచివాడు, నవ్వేశాడు. నాన్న నవ్వలేదు. అత్తయ్య అసలు నవ్వలేదు.

వాణ్ణి తాడు కట్టి అరుగు స్తంభం దగ్గర ఉంచాం. మిగతా రెండు రోజులూ వచ్చినవాళ్ళు వచ్చినట్టు వాడు కూర్చునే పలకరించాడు. పిల్లలకి అదే ఆటైపోయింది. వరసలో నిలబడి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు "కూచో" అనడం, వాడు కూచోవడం. ఒక చిన్న పాప వాడికంటే పొట్టి. ఆ పాప దగ్గర అసలు కదల్లేదు.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళాం. మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలో పదకొండు ఊళ్ళ రుద్రులూ ప్రభల మీద వచ్చి కలుస్తారు. గంగలకుర్రు ప్రభలు పచ్చటి చేలల్లోంచి, కౌశిక నీళ్ళలోంచి భుజాల మీద వస్తుంటే చూడాలి, చెప్తే తెలీదు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం మీద చూపించింది ఈ ప్రభల తీర్థమే. మామ్మ మాత్రం రాలేదు, చెయ్యి జనంలో తగులుతుందని. బాణసంచాకి బొగ్గు జడుస్తాడని నేను కూడా తొందరగా వచ్చేశాను. వచ్చి చూస్తే వాడు మామ్మ మంచం కింద ఉన్నాడు, తాడు లేకుండా. మామ్మ మంచం మీద కూర్చుని బంతి నొక్కుకుంటోంది.

"ఎవరు విప్పారు?"

"నేనే. చప్పుళ్ళకి వణికిపోతున్నాడు."

అప్పుడు చెప్పాను. రీల్ సంగతి, బిస్కెట్ల సంగతి, ఆ ఆదివారం సంగతి. చెప్తూ ఆవిడ చేతికేసి చూడలేకపోయాను. మామ్మ బంతి నొక్కడం ఆపలేదు.

"తెలుసులేవే. తమ్ముడు ఫోన్లో చూపించాడుగా. బాగుంది. ఆ పచ్చ డ్రెస్సు నీకు నప్పింది."

"ఎప్పుడు చూపించాడు?"

"కట్టు వేసినరోజు రాత్రి."

ఎనిమిది వారాలు. ఒక్క మాట అనలేదు, నాన్నకి కూడా చెప్పలేదు. నేను ఏడుస్తుంటే, "ఊరుకో, వాడు బెంబేలెత్తుతాడు" అంది. నేను ఆ రీల్ తీసేశాను, అందుకని వెతక్కండి.

రాజోలు ఆయనకి నాన్న ఏం చెప్పారో నాకు తెలీదు. ముక్కనుమ మర్నాడు సంతలో ఇరవై అడుగుల నైలాన్ తాడు కొనుక్కొచ్చి, "కాలవ దగ్గర ఈదిస్తే మంచిదట కదా ఈ జాతికి" అన్నారు. ఇనప గొలుసు పశువుల పాకలో మేకుకి వేలాడుతోంది.

ఇప్పుడు వాడు ముప్ఫై కిలోలకి దగ్గర్లో ఉన్నాడు. తమ్ముడి మీద ఇంకా ఎక్కుతున్నాడు, ఎందుకంటే తమ్ముడు ఇంకా డాన్స్ చేస్తున్నాడు.

పోయిన ఆదివారం తెల్లారి లేచి చూస్తే మామ్మ గుమ్మం దిగి వెళ్తోంది. ఎడంచేతిలో దీపం, కుడిచెయ్యి గోడకి ఆనించి. బొగ్గుకి తాడు లేదు. పనసచెట్టు కింద పడుకున్నవాడు లేచాడు. నేను గబుక్కున అరుగు మీదకి వచ్చి ఆగిపోయాను. పిలుద్దామంటే ఎవర్ని పిలవాలో తెలియలేదు. మామ్మ దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగింది. వాడు రెండు గజాల దూరంలో కూర్చుని ఉన్నాడు. తోక ఊపుడికి కింద ఎండు ఆకులు చెదిరిపోతున్నాయి, వెనక భాగం నేల మీద నిలవట్లేదు, అయినా కూర్చునే ఉన్నాడు. మామ్మ కాసేపు అలాగే చూసింది. కొంగు ముడి విప్పడానికి ఆ వేళ్ళతో చాలాసేపు పట్టింది. చక్కెరకేళి ముక్క తీసి, వంగకుండా, వాడి ముందు నేల మీదకి జారవిడిచింది.

"తిని ఇంక పోరా, నాకు ముగ్గు పనుంది" అంది.